లోపలి వైపు పగుళ్ళు

డిల్లన్, మోంటానా
సెప్టెంబరు 23, 1997

ట్వైలాకు, మీ వదిన రాసేది.

చెప్పకుండా బయల్దేరామని నీకు కోపం వచ్చే ఉంటుంది. చెప్పి బయల్దేరితే నువ్వు గుమ్మంలో నిలబడి జాకీ ఎక్కడ పెట్టావు, నట్లు బిగించావా అని అడుగుతావు. నీ కూతురు రెనే మొహం గంటు పెట్టుకుంటుంది. మీ ఇద్దరి మధ్యా నేను గుటకలు మింగాలి. అందుకే నువ్వు బడి బస్సు తీసుకుని వెళ్ళేదాకా ఆగి, లూయిస్‌టౌన్ దాటేశాం.

ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. మీ అన్నయ్య చక్రాల ఇల్లు, ఆ ట్రైలరు, పికప్పు వెనకాల సాధువైన ఆవులా నడిచొచ్చింది. ఆయన పోయాక నేను దాన్ని అమ్మేస్తానని ఊరంతా అనుకున్నారు. అమ్మి ఏం చేయను? ఆ ఇంట్లో ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చుని ఇంకో చలికాలం గడపడం నా వల్ల కాదు. అక్టోబరు పదిహేనుకల్లా అరిజోనాలో క్యాంపు స్థలం వాళ్ళ దగ్గర పనిలో చేరాలి. గేటు పక్కనే ట్రైలరు పెట్టుకుని, వచ్చేవాళ్ళకి చోటు చూపించడం, మరుగుదొడ్లు కడగడం, పొద్దుపోయాక అల్లరి చేసేవాళ్ళ నోరు మూయించడం. బడి వంటగదిలో ఇన్నేళ్ళూ నేను చేసింది అదే కదా.

రెనే ముభావంగా ఉంది గానీ తింటోంది. నువ్విచ్చిన జింకమాంసం సాసేజి సగం అదే లాగించింది, ఎవరిచ్చారో నేను చెప్పలేదు. భుజం ఎముక అతికిందన్నారు కానీ గతుకు వచ్చినప్పుడల్లా పిల్ల పళ్ళు బిగబడుతుంది. కిప్ పేరెత్తదు. తాగి కారు గుంటలో పడేసి, పెళ్ళాన్ని అందులోనే వదిలి నడిచి ఇంటికి పోయినవాడి పేరు ఎత్తకపోవడమే మేలు. నీ పేరూ ఎత్తదు. ఆస్పత్రిలో దాని మంచం పక్కన నువ్వు అన్న మొదటి మాట “నేను ముందే చెప్పానుగా” అని. అది ఇంకా దాని చెవిలో ఉంది ట్వైలా. నేను తగువు తీర్చడానికి రాయడం లేదు, ఉన్నమాట రాస్తున్నాను.

పికప్పు అద్దం తుడిచే పుల్ల కింద నువ్వు పెట్టిన చీటీ దొరికింది. “వదినా, టైర్లు చూడకుండా కదలొద్దు.” చూశాను తల్లీ. గ్రిప్పు కొత్త టైరులా ఉంది, వేలు పెడితే దిగుతోంది. నువ్వు చెప్పిన అంకె కూడా చూశాను. చివర ఆరు ఉంది. అంటే తొంభై ఆరు, పోయిన ఏడాదివి. మీ అన్నయ్య కూడా నాతో అన్నాడు, “టైర్ల సంగతి చూసేశాను, నువ్వు దిగులుపడకు” అని. ఇక నువ్వూ పడకు.

జవాబు రాస్తే పాంగ్విచ్ పోస్టాఫీసుకి రాయి, యూటాలో. నెమ్మదిగా వెళ్తున్నాం, మధ్యలో ఐడహోలో మా పిన్నిగారింట్లో దిగుతాం.

నీ వదిన,
అయోని

*

లూయిస్‌టౌన్
సెప్టెంబరు 27

వదినా,

కోపం లేదు. వంటగది కిటికీలోంచి మీ ఇంటి ముందు ట్రైలరు ఉన్న చోట గడ్డి పచ్చగా కనబడింది. అప్పుడు తెలిసింది వెళ్ళిపోయారని.

టైరు మీద ఏడాది చివరి అంకె ఒక్కటే వేస్తారు. ఆరు అంటే తొంభై ఆరు కావచ్చు, ఎనభై ఆరూ కావచ్చు. పోయిన ఏడాది ఎప్పుడు మార్చాడు అన్నయ్య? వేసవంతా దగ్గుతూనే ఉన్నాడు. శీతాకాలం రాకముందే బిల్లింగ్స్ ఆస్పత్రిలో పడ్డాడు. తీసుకెళ్ళిందీ తీసుకొచ్చిందీ నేనే. ట్రైలరుని ఆ ఏడాది ఎవరూ కదపలేదు.

ట్రైలరు టైర్లు అరిగి పోవు వదినా, కూర్చుని కూర్చుని పోతాయి. ఏడాదిలో పదకొండు నెలలు ఒకే చోట ఎండకి ఎండి, మంచుకి గడ్డకట్టి, రబ్బరు లోపల పెళుసెక్కుతుంది. పైన గ్రిప్పు పెళ్ళికూతురిలా నవ్వుతూనే ఉంటుంది. నువ్వు చూడాల్సింది గ్రిప్పు కాదు, పక్క భాగం. బయటి వైపు కాదు, లోపలి వైపు. నేల మీద పడుకుని టార్చి వేసి చూడు. సన్నగా వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనిపిస్తే అక్కడినుంచి కదలకు. కొత్తవి కొనేటప్పుడు సైజు ముందు ‘ఎస్‌టి’ అని అక్షరాలున్నాయో లేదో చూసి కొను. అవి ట్రైలరు కోసమే చేసినవి. గాలి యాభై పౌండ్లు, పొద్దున్నే, చక్రం తిరగకముందు, చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎండలో నడిపాక కొలిచి ఎక్కువుందని గాలి తీసేయకు. కొత్త చక్రం వేశాక కాస్త దూరం పోయి ఆగి నట్లు మళ్ళీ బిగించు.

దారిలో పేలిందే అనుకో. బ్రేకు తొక్కకు. మన కాలు మనకి తెలియకుండానే బ్రేకు మీదకి పోతుంది, పోనివ్వకు. స్టీరింగు తిన్నగా పట్టుకో. ట్రైలరు బ్రేకుకి డాష్‌బోర్డు కింద చిన్న చేతిమీట ఉంది, అది మెల్లగా నొక్కు. ట్రైలరే బండిని వెనక్కి లాగి ఆపుతుంది.

బండి నడుస్తుండగా ట్రైలరులో ఎవరూ ఉండకూడదు. ఎవరైనా సరే. ముందు సీట్లోనే కూర్చోవాలి.

ఇక్కడ మొదటి మంచు పడింది. బస్సు చక్రాలకి మంచులో జారకుండా చుట్టే గొలుసులు ఇంకా వేయలేదు.

ట్వైలా

*

పాంగ్విచ్, యూటా
అక్టోబరు 4

ట్వైలా,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. చదివి మడిచి సంచిలో పెట్టేశాను. రెండు పేజీల ఉత్తరంలో కన్నకూతురి పేరు ఒక్కసారైనా లేదు. “ఎవరైనా సరే” అట. దానికో పేరుంది, మీ అమ్మ పేరే పెట్టుకున్నావు.

ఇక రెండోది. మీ అన్నయ్య నాతో అబద్ధం చెప్పాడంటున్నావు. ఆయన పోయి ఏడాది కూడా తిరగలేదు. తనని తాను సమర్థించుకోలేని మనిషి మీద ఆ మాట వేయడానికి నీకు నోరెలా వచ్చింది? చెల్లెలివి, నీకు లేని హక్కు లేదనుకుంటావు. ఆస్పత్రికి తీసుకెళ్ళింది నువ్వే, నిజమే. ఒళ్ళు తుడిచింది నేను.

నేను నేల మీద పడుకుని చూడలేదు. రెనేకి ఎక్కడ తెలిసిందో, పొద్దున లేచేసరికి ట్రైలరు కిందనుంచి రెండు కాళ్ళు బయటికి ఉన్నాయి. “అత్తా, లోపలి వైపంతా ఎండిన చెరువులా ఉంది,” అంది. వెళ్ళి చూశాను. ఉంది. సరేనా? ఉంది.

కాబట్టి మార్చేశాను. ఇక్కడి షాపులో ఎస్‌టి టైర్లు లేవు. తెప్పించడానికి రెండు వారాలు పట్టొచ్చన్నాడు. పదిహేనో తారీకుకి నేను అక్కడ లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు, మళ్ళీ ఆ కుర్చీ ముందుకే నేను. షాపువాడు, “కారు టైర్లున్నాయమ్మా, సరిగ్గా అదే సైజు. నల్లగా, గుండ్రంగా ఉన్నాయి. ఇంకేం కావాలి?” అన్నాడు. బిగించాడు. బ్రహ్మాండంగా ఉన్నాయి. నీ మాట విన్నాను, టైర్లు మార్చాను. ఇక ఈ జన్మకి నాకు టైర్ల గురించి రాయకు.

పాతవాటిని అవతల పారేస్తూ ఆ షాపువాడు, “ఈ రకం కంపెనీ వాళ్ళు తయారుచేయడం మానేసి చాన్నాళ్ళయింది,” అన్నాడు. నేను విననట్టే డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను.

రేపు పేజ్ ఊరికి దిగుతున్నాం. చెరువు పక్కన కొన్నాళ్ళు ఆగుతాం, రెనేకి భుజం సలుపుతోంది. ముందు సీట్లో బెల్టు సరిగ్గా ఎముక మీదే ఒరుసుకుంటోందట. పన్నెండున మళ్ళీ బయల్దేరేటప్పుడు దాన్ని వెనక మంచం మీద పడుకోబెడదామనుకుంటున్నాను. కొత్త టైర్లే కదా.

అయోని

*

లూయిస్‌టౌన్
అక్టోబరు 7

వదినా,

దీన్ని పేజ్ పోస్టాఫీసుకి తొందర తపాలాలో పంపుతున్నాను. పన్నెండులోపు నీకు చేరాలి. పోస్టాఫీసు అమ్మాయి చేరుతుందనే అంది.

ఆ టైర్లతో పేజ్ దాటకు. దండం పెడతాను. కారు టైరు పక్క భాగం మెత్తన, కారులో మనుషుల సుఖం కోసం అలా చేస్తారు. దానిలో ముప్పై అయిదు పౌండ్లకి మించి గాలి పట్టదు. దాని మీద ఇల్లు పెట్టావు నువ్వు. స్టవ్వు, నీళ్ళ ట్యాంకు, అన్నయ్య ఇనప సామాన్ల పెట్టె, అన్నీ కలిపి రెండే రెండు చక్రాల మీద. చదునైన రోడ్డు మీద ఏమీ తెలియదు. పేజ్‌కి దక్షిణాన కొండ అంచునుంచి ఎడారిలోకి రోడ్డు నిలువునా దిగుతుంది. అక్కడ వేడెక్కుతుంది, ట్రైలరు తోక ఊపుతుంది, నువ్వు బ్రేకు తొక్కుతావు.

ఆ పెట్టె తీసి ఎవరికైనా ఇచ్చేయ్. నీళ్ళు పారబోయ్. పని పోతే పోనీ. నేను వాళ్ళకి ఫోను చేసి బతిమాలతాను.

అన్నయ్య విషయం. అవును, నీకు అబద్ధం చెప్పాడు. నాకూ చెప్పాడు. బిల్లింగ్స్ నుంచి వస్తుంటే, “నొప్పేం లేదు ట్వైలా, రోడ్డు చూసి నడుపు,” అన్నాడు. పెదవి కొరుక్కుని రక్తం వచ్చి ఉంది. నువ్వు నిద్రపోవడం మానేశావనీ, కనిపించిన ప్రతిదాని గురించీ భయపడుతున్నావనీ చెప్పాడు. నీ కంటి మీద కునుకు కోసం టైర్లు మార్చానన్నాడు. లేవగలిగితే మార్చేవాడే. అది అబద్ధమైతే అబద్ధం, నేను దాన్ని తప్పు అనలేదు.

రెనేని వెనక పడుకోనివ్వకు. రాశాను, చూడు, పేరు రాశాను. రాయడానికి నాకు ఎంతసేపు పట్టిందో నీకు తెలియదు. నేనేం రాసినా దానికి ‘ముందే చెప్పాను’ అనే వినబడుతుంది. అందుకని నాకు తెలిసిన టైర్ల గురించి రాస్తున్నాను. బెల్టు ఒరుసుకుంటే తువ్వాలు మడిచి మధ్యలో పెట్టుకోమను. ముందు కూర్చోమను.

ట్వైలా

*

లూయిస్‌టౌన్
అక్టోబరు 13

వదినా,

ఇది నీ క్యాంపు స్థలం చిరునామాకి రాస్తున్నాను. ఎప్పుడు అందుతుందో, నీకు అందుతుందో లేదో.

మంచు తుపానుకి మా ఇంటి తీగలు తెగాయి, ఫోను మూగబోయింది. బళ్ళకి సెలవు. పక్కనున్న పశువుల ఫారానికి నడిచి వెళ్ళి వాళ్ళ ఫోనునుంచి అరిజోనాలో నీ క్యాంపు వాళ్ళకి చేశాను. ఎత్తినాయన, “అయోనియా? ఇంకా రాలేదే,” అన్నాడు. పేజ్ పోస్టాఫీసుకి చేశాను, సెలవురోజట, ఎవరూ ఎత్తలేదు. నా ఉత్తరం తీసుకున్నావో లేదో కూడా తెలియదు. ఫారం ఆవిడ కాఫీ ఇచ్చింది, తాగకుండానే వచ్చేశాను. మర్యాదగా ఉండదని దారిలో గుర్తొచ్చింది.

కోపంతో తీసుకోకపోయి ఉంటే, వదినా, నన్ను ఎన్ని మాటలైనా అను. ఎక్కడున్నావో మాత్రం ఒక్క ముక్క రాయి.

ట్వైలా

*

పేజ్, అరిజోనా
అక్టోబరు 14

ట్వైలా,

ముందు ఇది చదువు: ఇద్దరం బతికే ఉన్నాం. రెనేకి దెబ్బ తగల్లేదు. నాకు మోచేయి కమిలింది, అంతే. నిన్నటినుంచి నీకు ఫోను చేస్తున్నాను, మోగడం లేదు. నీకేమైందోనని ఇక్కడ నేను చస్తున్నాను.

ఆదివారం పొద్దున బయల్దేరాం. శనివారం నేను పోస్టాఫీసుకి పోలేదు. నీ ఉత్తరం ఉంటుందని తెలుసు, చదవదలచుకోలేదు. రెనేని పంపాను. తిరిగొచ్చి, “ఏమీ రాలేదత్తా,” అంది. మరి కాసేపటికి మావయ్య సామాన్ల పెట్టె బరువెందుకు, క్యాంపులో ఎవరికైనా ఇచ్చేద్దామంది. నేను ఒప్పుకోలేదు. నీళ్ళ ట్యాంకు మాత్రం నన్నడక్కుండానే ఖాళీ చేసింది. పొద్దున గేజీ పట్టుకుని గాలి కొలిచింది. మంచం పరిచి ఉంచాను, పడుకోవే అంటే, “వెనక కళ్ళు తిరుగుతాయి,” అని తువ్వాలు మడిచి భుజం కింద పెట్టుకుని ముందు కూర్చుంది. నాకు వింతగానే అనిపించింది కానీ, పిల్ల మామూలు మనిషవుతోందని సంతోషపడ్డాను.

దిగుడు మొదలయ్యాక రెనే, “మెల్లగా అత్తా,” అంది. మెల్లగానే వెళ్తున్నాను. అయినా ట్రైలరు అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఏమీ లేదు. గాలి మాత్రమే ఉంది, కింద ఎడారి. ఊపు పెరిగింది. అప్పుడు పేలింది. తుపాకీ పేలిందనుకున్నాను. స్టీరింగు చేతుల్లోంచి గుంజుకుంది. ట్రైలరు అద్దంలో నా పక్కకి వచ్చేసింది ట్వైలా, దాని కిటికీ తెరలు నాకు కనబడ్డాయి.

నా కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. నువ్వు రాసినట్టే, నాకు తెలియకుండానే. నీ మాట ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.

రెనే అరిచింది. “కాలు తియ్యి! బ్రేకు తొక్కకు! తిన్నగా పట్టుకో, తిన్నగా!” అచ్చం నీ గొంతు. బస్సులో పిల్లల్ని కూర్చోబెట్టే గొంతు. కాలు తీసేశాను. అది వంగి, ఆ బాగులేని చేత్తోనే డాష్‌బోర్డు కింది మీట పట్టుకుని మెల్లగా, పాలు పొంగకుండా చూసినట్టు, నొక్కుతూ వచ్చింది. ట్రైలరు మమ్మల్ని వెనక్కి పట్టుకుంది. గోడ పక్కన ఆగాం. రెనే తలుపు తెరిచి దిగి చక్రం కింద రాయి పెట్టింది.

నేను ట్రైలరులోకి వెళ్ళాను. ఇది నీకు రాయాలా వద్దా అని రోజంతా ఆలోచించాను. చిరిగిన టైరు పట్టీ చక్రం పైన చెక్క నేలని బద్దలు కొట్టుకుని లోపలికి వచ్చింది. మంచం మధ్యలోంచి పైకి లేచింది. పరుపు రెండుగా చీలి ఉంది. తలగడ మీద రబ్బరు ముక్కలు, చెక్క పేళ్ళు. నేను పరిచిన మంచం.

అక్కడే కూర్చుండిపోయాను. రెనే వచ్చి చూసింది. అప్పుడు జేబులోంచి నీ ఉత్తరం తీసి నా చేతికిచ్చింది. “ఎందుకు దాచావే?” అన్నాను. “మావయ్య గురించి ఉంది. చదివితే నువ్వు విరిగిపోతావనుకున్నాను. నేను చూసుకుంటే సరిపోతుందనుకున్నాను,” అంది. పాంగ్విచ్‌లో నేను సంచిలో దాచిన ఉత్తరం కూడా అది ముందే తీసి చదివిందట. చాలాసార్లు చదివిందట.

రోడ్డు పక్కనే నీ ఉత్తరం చదివాను. నేను విరిగిపోలేదు. ఆయన పెదవి సంగతి నాకెవరూ చెప్పలేదు ట్వైలా. నా నిద్ర కోసం అన్నాడంటే, ఆ రాత్రి నేను నిజంగానే నిద్రపోయాను. గుర్తుంది. నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోలేను, కాగితం మీద ఉన్నాయి. చింపి పారేయ్.

ట్రైలరుని ఈ ఊరికి లాక్కొచ్చారు. నేలకి వడ్రంగి దొరికాడు. క్యాంపు వాళ్ళు నెలాఖరుదాకా ఆగుతామన్నారు. ఇంకో చక్రానిదీ ఆ కారు టైరే, దాన్ని తాకాలంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తోంది. ఎస్‌టి టైర్లు ఇక్కడా లేవు.

రెనే ఇందులో ఒక కాగితం పెడతానంది. నేను చదవలేదు.

మీ వదిన,
అయోని

*

అమ్మా,

ఏం రాయాలో తెలియడం లేదు, అందుకే నాకు కావాల్సింది అడుగుతున్నాను. ఈ ట్రైలరుకి సరైన టైర్లు బిల్లింగ్స్‌లో దొరుకుతాయా? దొరికితే పంపగలవా? స్టెప్నీకి కూడా ఒకటి, ఇప్పుడున్నది కూడా పగిలే ఉంది. నట్లు ఏ వరసలో బిగించాలో రాయి. అత్త ఒకదాని పక్కన ఒకటి బిగిస్తోంది, అలా కాదని నాకు అనుమానం.

హైవే పోలీసాయన వచ్చి, “మీట నొక్కాలని నీకెవరు చెప్పారు?” అని అడిగాడు. మా అమ్మ బస్సు నడుపుతుందన్నాను.

ఆ మంచం నేను చూశాను. అప్పటినుంచి నీతో మాట్లాడాలని ఉంది. మాట్లాడితే నువ్వు ఆ మాట అంటావేమోనని భయంగానూ ఉంది. అన్నా ఫర్వాలేదనుకుంటున్నాను. కానీ అనకు.

రెనే

*

లూయిస్‌టౌన్
అక్టోబరు 17

రెనే,

నీ కాగితం ఇవాళ అందింది. గొడ్లపాక దగ్గర నిలబడి చదివాను, ఇంట్లోకి వెళ్ళేదాకా ఆగలేకపోయాను.

ఇది తపాలాలో వేయను. పొద్దున్నే బయల్దేరుతున్నాను, బస్సు ఇంకొకరికి అప్పజెప్పాను. బిల్లింగ్స్‌లో మూడు టైర్లు తీసిపెట్టమని చెప్పాను, మూడింటి తేదీ నేనే చదివి తీసుకుంటాను. పేజ్ చేరాక ముందు ఈ కాగితం నీ చేతిలో పెడతాను. నువ్వు చదివేదాకా పికప్పులోనే కూర్చుంటాను. ఎదురుపడితే నా నోరు ఎటు పోతుందో నాకే తెలియదు, అందుకని రాసి తెస్తున్నాను.

ఆస్పత్రిలో ఆ రోజు నీ మొహం మీద రక్తం చూశాను. నాకు ఇంకే మాటా రాలేదు. మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాను. నోట్లో ఎప్పుడూ ఉండే మాట బయటికి వచ్చింది. నువ్వు బతికున్నావని చెప్పబోయాను.

నట్లు ఎదురెదురుగా బిగించాలి. ఒకటి బిగించాక పక్కది కాదు, దాని ఎదురుది. ముందు అన్నీ వదులుగా, తరవాత ఒక్కోటీ గట్టిగా. చక్రం నేలకి ఆనాక మళ్ళీ ఒకసారి.

మూడు టైర్లూ నువ్వే వెయ్యి. భుజం నొప్పెడితే పానా మీ అత్తకివ్వు. నేను పక్కన నిలబడతాను, చేతులు జేబుల్లో పెట్టుకుంటాను. నువ్వు తప్పు నట్టు పట్టుకున్నా నోరు విప్పను. ప్రయత్నిస్తాను. దగ్గు వస్తే అది దగ్గే అనుకో.

అమ్మ